యుద్ధం వస్తే విదేశీయుల బ్యాంకు ఖాతాలు ప్రభుత్వాలు స్వాధీనం చేసుకుంటాయా? కువైట్‌లో ఉన్న మా తమ్ముడి డబ్బు సంగతేమిటి?

కనిగిరి మిత్రులకు నమస్కారం. మీరు అడిగినదాన్ని ముందు కుదించి రాస్తాను. మీ తమ్ముడు చాలాకాలంగా కువైట్‌లో పనిచేస్తున్నారు. జీతం అక్కడి బ్యాంకులో పడుతుంది, కొంత అక్కడే నిలవ ఉంది. ఇక్కడ ఒంగోలులో ఎన్‌ఆర్‌ఈ డిపాజిట్ (విదేశాల్లో ఉండే భారతీయులు అక్కడి సంపాదనను ఇక్కడ రూపాయల్లో దాచుకునేది) కూడా ఉంది. గల్ఫ్ చుట్టుపక్కల యుద్ధ వార్తలు వింటుంటే ఇంట్లో భయం పట్టుకుంది. యుద్ధం వస్తే విదేశీయుల ఖాతాలన్నీ ప్రభుత్వం లాగేసుకుంటుందని ఎవరో చెప్పారు. అది నిజమా, మన దేశంలోనూ అలాంటి చట్టం ఉందా, డిపాజిట్ రద్దు చేసి బంగారం కొనుక్కోవడం మేలా అని మీ సందేహం.

సూటిగా చెప్తాను. విదేశీయులన్న ఒక్క కారణంతో అందరి ఖాతాల మీదా ప్రభుత్వాలు చెయ్యి వేయవు. శత్రుదేశం అని ప్రకటించిన దేశపు పౌరుల మీద, ఆ దేశపు నేల మీద ఉన్నవారి మీద వేస్తాయి. భారత పౌరుడు కువైట్‌లో పనిచేస్తే అతను ఆ లెక్కలోకి రాడు. అయితే అంతటితో ఊపిరి పీల్చుకోకండి. 1990లో కువైట్ నుంచి తిరిగి వచ్చిన మనవాళ్ల డబ్బును ఎవరూ పేరు పెట్టి జప్తు చేయలేదు. అయినా ఏళ్ల తరబడి వాళ్ల చేతికి రాలేదు. అసలు ప్రమాదం ఎక్కడుందో ఆ ఉదంతంలో కనిపిస్తుంది, కాబట్టి దాని గురించి కింద కొంచెం ఎక్కువగానే రాస్తాను. మూడో ప్రశ్నకు జవాబు: ఎన్‌ఆర్‌ఈ డిపాజిట్ రద్దు చేయకండి.

నేను ఒక ప్రభుత్వరంగ బ్యాంకులో పనిచేసి విశ్రాంతి తీసుకున్నాను. ఉద్యోగంలో ఎక్కువ భాగం నెల్లూరు, ఒంగోలు శాఖల్లో విదేశీ మారకం బల్ల దగ్గరే గడిచింది. ఉదయగిరి, వింజమూరు, కనిగిరి వైపు నుంచి గల్ఫ్‌కు వెళ్లినవారి ఇళ్లకు వచ్చే డ్రాఫ్టులు, చీమకుర్తి గ్రానైట్ బిల్లులు, పొగాకు బిల్లులు అన్నీ ఆ బల్ల మీదుగానే వెళ్లేవి. నేను న్యాయవాదిని కాను. ఆస్తి తగాదా ఉంటే మాత్రం న్యాయవాదినే కలవండి.

ముందు ఒక గందరగోళం తీర్చాలి. పత్రికల్లో ‘ఆస్తుల స్తంభన’, ‘స్వాధీనం’, ‘జప్తు’ అన్న మాటలు ఒకదాని బదులు ఒకటి వాడేస్తారు. ఆచరణలో ఇవి మూడు వేర్వేరు మెట్లు. ఖాతాను స్తంభింపజేస్తే డబ్బు ఇంకా మీదే, పుస్తకంలో మీ పేరు మీదే ఉంటుంది, కానీ అనుమతి లేకుండా తీయలేరు, బదిలీ చేయలేరు. రెండో మెట్టులో ప్రభుత్వం నియమించిన కస్టోడియన్ చేతికి నిర్వహణ వెళ్తుంది. అద్దెలు, డివిడెండ్లు అతనే వసూలు చేస్తాడు. మూడో మెట్టులో అమ్మేస్తారు. మొదటి మెట్టు నుంచి వెనక్కి వచ్చినవారు చాలామంది ఉన్నారు. రెండో మెట్టు దాటాక అసలు యజమానికి తిరిగి దక్కడం అరుదు. మొదటి ప్రపంచయుద్ధంలో అమెరికా 1917లో శత్రువుతో వ్యాపార నిషేధ చట్టం తెచ్చి, జర్మన్ల ఆస్తుల కోసం ఒక కస్టోడియన్‌ను పెట్టింది. ఆస్పిరిన్ తయారుచేసే బేయర్ కంపెనీ అమెరికా వ్యాపారాన్ని 1918 చివర్లో వేలంలో సుమారు 53 లక్షల డాలర్లకు అమ్మేశారు. ఆ పేరు మీద అక్కడి హక్కులు తిరిగి కొనుక్కోవడానికి జర్మనీలోని బేయర్‌కు 1990ల దాకా పట్టింది.

ఇంకో సంగతి ఉంది. స్తంభన అంటే ప్రతిసారీ శిక్ష కాదు, కొన్నిసార్లు రక్షణ. 1940 ఏప్రిల్ 9న జర్మనీ సైన్యం డెన్మార్క్, నార్వేల్లోకి దిగింది. మర్నాడే అమెరికా అధ్యక్షుడు రూజ్వెల్ట్ ఆ రెండు దేశాల వాళ్లకు అమెరికాలో ఉన్న ఖాతాలన్నీ స్తంభింపజేశారు. ఆ రెండు దేశాలూ అమెరికాకు శత్రువులు కావు. ఆక్రమించినవాడు ఓస్లోలోనో కోపెన్‌హాగన్‌లోనో ఒక బ్యాంకు అధికారిని బెదిరించి సంతకం పెట్టించుకుని, న్యూయార్క్‌లోని డబ్బు, బంగారం లాక్కోకుండా ఆపడం దాని ఉద్దేశం. ఆ జాబితా జర్మనీ దండయాత్రలతో పాటే పెరిగింది. 1941 జూన్ 14న దాదాపు ఐరోపా ఖండమంతటికీ వర్తింపజేశారు. అప్పుడే అమెరికాలో విదేశీయుల పేరిట ఉన్న ఆస్తులన్నిటి లెక్క ఇవ్వాలని ప్రకటించి, ప్రత్యేక ఫారం పెట్టి వివరాలు రాబట్టారు. ఎవరి పేరు వెనక ఎవరున్నారో తెలియకుండా ఖాతాను ఆపి లాభం లేదు కదా. స్విట్జర్లాండ్ వంటి తటస్థ దేశాల బ్యాంకుల పేర్ల వెనక జర్మన్ల డబ్బు దాగి ఉందనే అనుమానం వాళ్లకు గట్టిగా ఉండేది.

1941 జూలై 26న జపాన్ ఆస్తులు స్తంభింపజేసిన రోజునే చైనా ఆస్తులను కూడా చేర్చారు. చైనా అప్పుడు అమెరికాకు మిత్రదేశమే! చాంగ్ కై షేక్ ప్రభుత్వమే అలా చేయమని కోరింది. జపాన్ ఆక్రమణలో ఉన్న ప్రాంతాల నుంచి చైనీయుల డబ్బు శత్రువు చేతికి పోకుండా ఉండాలని వాళ్ల తాపత్రయం. ఈ నియంత్రణ కింద కూడా మామూలు మనుషులు బతకడానికి దారి ఉంచారు. ఇంటి ఖర్చులకు, జీతాలకు, పన్నులకు కొంత తీసుకోవచ్చని సాధారణ అనుమతులు ఇచ్చేవారు. ఇప్పటి ఆంక్షల్లోనూ ఇదే పద్ధతి నడుస్తోంది. ఎవరి ఖాతా అయినా ఆగితే మొదట చూడాల్సింది ఇలాంటి సాధారణ అనుమతి ఏదైనా మనకు వర్తిస్తుందా అనే. జనం అది వదిలేసి నేరుగా పెద్ద అధికారులకు ఉత్తరాలు రాస్తారు.

ఇక మన దేశం సంగతి. చట్టం ఉంది, చాలా గట్టి చట్టం.

1939 సెప్టెంబరులో రెండో ప్రపంచయుద్ధం మొదలవగానే బ్రిటిష్ ప్రభుత్వం భారత రక్షణ చట్టం, దాని కింద నియమాలు తెచ్చింది. బొంబాయిలో శత్రు ఆస్తుల కస్టోడియన్ కార్యాలయం పెట్టింది. జర్మన్, తర్వాత ఇటాలియన్, జపాన్ సంస్థల ఆస్తులు దాని కిందికి వెళ్లాయి. అదే నియమాల కింద విదేశీ మారకంపై నియంత్రణ కూడా మొదలైంది, దాన్ని రిజర్వు బ్యాంకు చేతిలో పెట్టారు. యుద్ధం ముగిశాక నియంత్రణ పోలేదు. 1947లో చట్టంగా మారింది, 1973లో ఫెరా (విదేశీ మారకం నియంత్రణ చట్టం)గా ఇంకా బిగుసుకుంది, 1999 చట్టంతో ఫెమా (విదేశీ మారకం నిర్వహణ చట్టం)గా కొంత సడలింది. మీ తమ్ముడికి మామూలు పొదుపు ఖాతా కుదరదు, ఎన్‌ఆర్‌ఈ గానీ, ఇక్కడి ఆదాయం కోసం వాడే ఎన్‌ఆర్‌ఓ గానీ ఉండాలని బ్యాంకులో పట్టుబడతారే, ఆ పట్టుదల మూలాలు యుద్ధకాలపు నియమాల్లోనే ఉన్నాయి. మా బల్ల మీద నింపిన ఫారాల్లో సగానికి అదే వంశం.

1962లో చైనాతో యుద్ధం వచ్చింది. బ్యాంక్ ఆఫ్ చైనాకు అప్పుడు కలకత్తా, బొంబాయిల్లో శాఖలు ఉండేవి. వాటిని మూసేశారు. ఆ బ్యాంకుకు మన దేశంలో మళ్లీ లైసెన్సు దొరికింది 2018లో. 1965 యుద్ధంలో పాకిస్తాన్ బ్యాంకుల భారత శాఖలు మన కస్టోడియన్ చేతికి వెళ్లాయి. అటు పాకిస్తాన్‌లో మన బ్యాంకుల శాఖలను వాళ్లు తీసుకున్నారు. 1966 జనవరి నాటి తాష్కెంట్ ఒప్పందంలో రెండు వైపులా తీసుకున్న ఆస్తులను తిరిగి ఇచ్చే విషయం చర్చిద్దామని రాసుకున్నారు. చర్చ ముందుకు సాగలేదు. 1971లో పాకిస్తాన్ తన దగ్గర ఉన్నవాటిని అమ్మేసుకుంది. అటువైపు ఆస్తి పోగొట్టుకున్న మన పౌరులకు కేంద్రం తన ఖజానా నుంచి, తేలిన నష్టంలో 25 శాతం, అదీ 25 లక్షల రూపాయల పరిమితికి లోబడి ఇచ్చింది. ఒప్పందంలో వాక్యం ఉంటే ఆస్తి వచ్చేస్తుందని అనుకునేవారు ఈ ఒక్క ఉదంతం చదివితే చాలు.

మన వైపు 1968లో శత్రు ఆస్తి చట్టం వచ్చింది. 1965 సెప్టెంబరు 10 నుంచి 1977 సెప్టెంబరు 26 మధ్య పాకిస్తాన్ పౌరుల పేరిట ఉన్న ఆస్తులకు దీని దెబ్బ తగిలింది. పాకిస్తాన్ పౌరసత్వం తీసుకున్న మహమూదాబాద్ రాజా ఆస్తుల కేసులో 2005లో సుప్రీంకోర్టు, భారత పౌరుడైన వారసుడికి ఆస్తి తిరిగి ఇవ్వాలని చెప్పింది. దాంతో లక్నో, సీతాపూర్‌ల్లోని పెద్ద పెద్ద ఆస్తులు చేయి జారేలా కనిపించాయి. 2010లో ఒకసారి, 2016లో పదేపదే ఆర్డినెన్సులు తెచ్చి, చివరికి 2017 మార్చిలో చట్టాన్ని సవరించారు. ఇప్పుడు వారసుడు భారత పౌరుడైనా సరే, యజమాని చనిపోయినా సరే, ఒకసారి శత్రు ఆస్తి అయినది శత్రు ఆస్తిగానే ఉంటుంది. పైగా ఇది 1968 నుంచే అమల్లో ఉన్నట్టు లెక్క. సివిల్ కోర్టు దారి మూసేశారు. కేంద్ర ప్రభుత్వానికి అర్జీ పెట్టుకోవాలి, అక్కడ కాదంటే హైకోర్టుకు వెళ్లాలి. దేశం మొత్తం మీద ఇలాంటి స్థిరాస్తులు 12,611 ఉన్నాయని కేంద్రం 2023లో లెక్క చెప్పింది. వాటిలో 126 చైనా పౌరులవి, మిగిలినవన్నీ పాకిస్తాన్ వెళ్లినవారివి. స్థలాలు, ఇళ్లే కాదు, 996 కంపెనీల్లో ఆరున్నర కోట్ల షేర్లు కూడా కస్టోడియన్ దగ్గర ఉన్నాయని, వాటిని అమ్మవచ్చని 2018లో మంత్రివర్గం తీర్మానించింది. అప్పటి విలువ సుమారు 3,000 కోట్లు.

ఈ ఆస్తులు ఎక్కువగా ఉత్తరప్రదేశ్, పశ్చిమ బెంగాల్‌లలో ఉన్నాయి కాబట్టి మనకు సంబంధం లేదనుకోకండి. నెల్లూరులో ఒక కుటుంబం పాత ఇల్లు తాకట్టు పెట్టి అప్పు తీసుకోవడానికి మా శాఖకు వచ్చింది. తాతగారి పేరు మీద ఇల్లు, నలుగురు కొడుకులు, పంపకం జరగలేదు. వంశవృక్షం రాయమంటే ముగ్గురి పేర్లే రాశారు. మా ప్యానెల్ న్యాయవాది పాత దస్తావేజుల్లో నాలుగో పేరు పట్టుకున్నారు. ఆయన కరాచీలో స్థిరపడ్డారట. దాచాలన్న ఉద్దేశం వాళ్లకు లేదు, ‘ఎప్పుడో వెళ్లిపోయాడు, లెక్కలోకి రాడు’ అనుకున్నారు. చట్టం దృష్టిలో లెక్కలోకి వచ్చేది ఆయనే. ఆయన ఏ సంవత్సరం వెళ్లారు, ఎప్పుడు అక్కడి పౌరసత్వం తీసుకున్నారు, అప్పటికి తండ్రి బతికి ఉన్నారా లేదా అన్నదాని మీద ఆ నాలుగో వాటా కథ ఆధారపడి ఉంటుంది. అది తేలేదాకా అప్పు ఇవ్వలేదు. మన జిల్లాల్లో పాత ఇల్లు కొనేవారు వంశవృక్షంలో విదేశం వెళ్లినవారి గురించి తప్పనిసరిగా అడగండి. ఈసీలో (రిజిస్ట్రేషన్ కార్యాలయం ఇచ్చే లావాదేవీల ధ్రువపత్రంలో) ఇది కనపడదు.

ఇప్పుడు మీకు నేరుగా సంబంధించిన భాగానికి వస్తాను.

1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌ను ఆక్రమించింది. అదే రోజు అమెరికా ఇరాక్ ఆస్తులతో పాటు కువైట్ ఆస్తులను కూడా స్తంభింపజేసింది. బ్రిటన్ కూడా అదే పని చేసింది. పైన చెప్పిన డెన్మార్క్, నార్వేల సూత్రమే ఇది. సద్దాం మనుషులు కువైట్ ఖజానాను బయటినుంచి ఊడ్చుకుపోకుండా తలుపు వేశారు. దేశం మొత్తానికి అది మంచిదే. కానీ కువైట్ బ్యాంకులో ఖాతా ఉన్న ఉదయగిరి మనిషికి మాత్రం లోపల యుద్ధం, బయట తాళం అయింది.

అప్పట్లో డబ్బు పంపడమంటే ఎక్స్ఛేంజ్ కంపెనీ దగ్గర దినార్లు కట్టి, రూపాయల డ్రాఫ్టు తీసుకుని, తపాలాలో ఇంటికి పంపడం. ఆక్రమణకు ముందు వారంలో తీసిన డ్రాఫ్టులు ఆగస్టు మధ్యలో మా కౌంటర్లకు వచ్చాయి. డ్రాఫ్టు అసలుదే, సంతకాలు సరిగానే ఉన్నాయి, కానీ దాని వెనక ఆ డ్రాఫ్టు తామే ఇచ్చామని కువైట్ కంపెనీ నుంచి రావాల్సిన సలహా పత్రం (అడ్వైస్) రాలేదు. టెలెక్స్ కొడితే జవాబు లేదు. ప్రధాన కార్యాలయం నుంచి ఆదేశం వచ్చేదాకా ఆపమన్నారు. కొడుకు ఎక్కడున్నాడో తెలియని తల్లికి ఈ డ్రాఫ్టు చెల్లదని చెప్పడం కన్నా కష్టమైన పని ఆ బల్ల దగ్గర నాకు మరొకటి పడలేదు. మా శాఖకు వచ్చిన వాటిలో కొన్ని తర్వాత చెల్లాయి, కొన్ని చెల్లలేదు. భారత బ్యాంకులో ఆ కంపెనీ ఖాతాలో అప్పటికే డబ్బు ఉందా లేదా అన్నదాన్ని బట్టి తేలింది.

సెప్టెంబరు నుంచి మనుషులే రావడం మొదలైంది. బాగ్దాద్ మీదుగా అమ్మాన్ చేరి, అక్కడినుంచి ఎయిర్ ఇండియా విమానాల్లో బొంబాయికి, అక్కడినుంచి రైల్లో గూడూరుకో నెల్లూరుకో చేరేవారు. మొత్తం మీద లక్షా డెబ్భై వేల మంది వరకు భారతీయులను అలా తీసుకొచ్చారు. కొందరి దగ్గర కువైట్ దినార్ల కట్టలు ఉన్నాయి. జీవితమంతా దాచుకున్న సొమ్ము నడుముకు కట్టుకుని ఎడారి దాటించినవారున్నారు. ఆ నోట్లను ప్రపంచంలో ఏ బ్యాంకూ తీసుకోవడం లేదు. ఇరాక్ ముందు కువైట్ దినారు, ఇరాక్ దినారు సమానమని ప్రకటించింది, తర్వాత కువైట్ దినారునే చెలామణి నుంచి తీసేసింది. అంతకుముందు ఒక కువైట్ దినారుకు మూడు డాలర్లకు పైగా వచ్చేవి. 1991లో విముక్తి తర్వాత తిరిగి వచ్చిన కువైట్ ప్రభుత్వం కొత్త నోట్లు ముద్రించి, పాతవాటిని మార్చుకోవడానికి గడువు పెట్టింది. కేంద్ర బ్యాంకు నుంచి ఇరాకీలు దోచుకుపోయిన నోట్ల వరుస సంఖ్యలను మాత్రం ముందే రద్దు చేసింది. మీ చేతిలో ఉన్న నోటు ఆ వరుసలోదైతే, నిజాయతీగా సంపాదించుకున్నదైనా, అది కాగితమే. నోట్లు కొందరు బజారులో సగానికీ పావుకీ అమ్మేసుకున్నారు. ఓపిక పట్టి, నెంబర్లు సరిచూసుకుని మార్చుకున్నవారికి పూర్తి విలువ వచ్చింది.

బ్యాంకు ఖాతాల్లో ఉన్న డబ్బు గతి నోట్ల కన్నా మెరుగు. కువైట్ బ్యాంకులు 1991లో తిరిగి తెరుచుకుని పాత నిల్వలను గుర్తించాయి. అయితే ఖాతా నెంబరు, పాస్‌పోర్టు నకలు, సంతకం సరిపోవాలి. పుస్తకాలు అక్కడే వదిలేసి వచ్చినవారు చాలా అవస్థ పడ్డారు.

అసలు నష్టం బ్యాంకులో లేదు, యజమాని దగ్గర ఉంది. ఆగిన జీతం, సంవత్సరాల సర్వీసుకు చివర్లో ఇచ్చే మొత్తం, గదిలో వదిలేసిన సామాను, చిన్న వ్యాపారంలో పెట్టుబడి. వీటి కోసం ఐక్యరాజ్య సమితి భద్రతా మండలి 1991లో జెనీవాలో ఒక పరిహార కమిషన్ పెట్టింది. ఇరాక్ చమురు ఆదాయంలో కొంత శాతం దానికి జమ కావాలి. దేశం వదిలి రావాల్సి వచ్చినందుకే ఒక్కొక్కరికి 2,500 లేదా 4,000 డాలర్లు, కుటుంబానికి 5,000 లేదా 8,000 డాలర్లు ఇచ్చారు. పెద్ద మొత్తం తీసుకుంటే మరే తరగతిలోనూ దరఖాస్తు చేయకూడదు. జీతం, ఖాతా, సామాను నష్టాలకు లక్ష డాలర్ల దాకా వేరే తరగతి ఉండేది. ఇక్కడ చాలామంది తొందరపడ్డారు. చేతిలో రుజువు లేదని భయపడి పెద్ద స్థిర మొత్తం గడిలో టిక్కు పెట్టారు, రెండో తరగతిలో ఇంకా ఎక్కువ రావాల్సినవారు కూడా. ఒక పాత జీతం చీటీ, కంపెనీ గుర్తింపు కార్డు, ఇంటికి పంపిన డ్రాఫ్టుల కౌంటర్‌ఫాయిళ్లు ఉన్నవారు మాత్రం నిలబడి అడిగారు. మా శాఖ నుంచి పాత లెడ్జర్ల నకళ్లు తీసుకెళ్లి, నెలనెలా ఇంత పంపాడు కాబట్టి జీతం ఇంత ఉండాలి అని చూపించినవారూ ఉన్నారు. ఇక ఆ డబ్బు ఎప్పుడొచ్చింది అంటారా? ఆయిల్ అమ్ముకోవడానికి ఇరాక్‌కు అనుమతి వచ్చేసరికే 1996 చివరైంది, చిన్న దరఖాస్తులకు ఆ తర్వాతే వేగంగా అందింది. కంపెనీల, ప్రభుత్వాల పెద్ద దావాలతో కలిపి మొత్తం 5,240 కోట్ల డాలర్లు పంచి, కమిషన్ చివరి వాయిదా ఇచ్చింది 2022 జనవరిలో.

అందుకే నేను జప్తు గురించి భయపడవద్దంటాను, ఆలస్యం గురించి భయపడమంటాను. ఆరేళ్ల తర్వాత వచ్చే లక్ష రూపాయలు కూతురి పెళ్లికి అందవు.

ఈ కాలంలో మరో కొత్త చిక్కు వచ్చింది. యుద్ధం ఎవరిమధ్య జరిగినా మూడో దేశంలో ఉన్న బ్యాంకు మీ సొమ్మును ఆపగలదు. 2022 ఫిబ్రవరిలో ఉక్రెయిన్ మీద దాడి తర్వాత రష్యా కేంద్ర బ్యాంకు నిల్వల్లో సుమారు 30,000 కోట్ల డాలర్లు పాశ్చాత్య దేశాల్లో ఆగిపోయాయి. అందులో ఎక్కువ భాగం బెల్జియంలోని యూరోక్లియర్ అనే ఒక్క సంస్థ పుస్తకాల్లో ఉంది. రష్యా ఊరుకోలేదు. ‘స్నేహపూర్వకం కాని’ దేశాల మదుపరులకు రావాల్సిన డివిడెండ్లను ‘సి’ రకం ఖాతాల్లో వేసి, అనుమతి లేకుండా బయటికి తీయకూడదంది. మన దేశం ఆ జాబితాలో లేకపోయినా, రష్యా చమురు క్షేత్రాల్లో వాటాలున్న మన ప్రభుత్వ సంస్థల డివిడెండ్లు అక్కడి బ్యాంకుల్లోనే పేరుకుపోయాయి. ఎవరూ వాటిని జప్తు చేయలేదు, పంపే దారే లేకుండా పోయింది.

చిన్నవాళ్లకూ ఇది తగులుతుంది. చీమకుర్తి నుంచి గెలాక్సీ గ్రానైట్ దిమ్మెలు ఎగుమతి చేసే ఒకాయనకు కొనుగోలుదారు తన బదులు మూడో దేశంలోని వేరే సంస్థ చేత డాలర్లు కట్టించాడు. డాలరు ఎక్కడినుంచి ఎక్కడికి వెళ్లినా సాధారణంగా న్యూయార్క్ బ్యాంకు ఒకటి మధ్యలో ఉంటుంది. అమెరికా ఆంక్షల జాబితాలోని ఒక పేరుతో ఆ సంస్థ పేరు పోలింది, డబ్బు ఆగింది. ఇలాంటప్పుడు అడగాల్సిన మొదటి ప్రశ్న: తిప్పి పంపారా, లేక నిలిపేశారా? తిప్పి పంపితే డబ్బు పంపినవాడి దగ్గరికి చేరుతుంది, మళ్లీ సరైన దారిలో రప్పించుకోవచ్చు. నిలిపేస్తే ప్రత్యేక ఖాతాలో పెడతారు, అమెరికా ఆర్థికశాఖ లైసెన్సు ఇస్తే తప్ప కదలదు. ఆయన అదృష్టం, పేరు పోలిక మాత్రమే. ఇన్వాయిస్, బిల్ ఆఫ్ లేడింగ్ (సరుకు ఓడకెక్కించినట్టు రసీదు), కొనుగోలుదారు రిజిస్ట్రేషన్ పత్రాలు పంపిన కొన్ని నెలలకు వదిలారు. అప్పటిదాకా క్వారీ జీతాలకు ఆయన అప్పు చేశారు.

మీ తమ్ముడి విషయంలో ఇదంతా ఎలా వర్తిస్తుందో చెప్తాను.

కువైట్ ఖాతాలో రెండు మూడు నెలల ఖర్చుకు మించి ఉంచవద్దనండి. మిగిలింది ప్రతి నెలా పంపేయాలి. మారకం రేటు పెరుగుతుందని ఎదురుచూసేవారిని చాలామందిని చూశాను. ఆ పైసల కోసం మొత్తాన్ని అక్కడ పెట్టుకోవడం తెలివైన పని కాదు. పంపేది బ్యాంకు ద్వారానో, లైసెన్సున్న ఎక్స్ఛేంజ్ ద్వారానో పంపాలి, హవాలా మాత్రం వద్దు. అది నేరమన్నది ఒక కారణం. రేపు పరిహారం అడగాల్సి వస్తే చూపించడానికి కాగితం ఉండదన్నది రెండో కారణం, 1990 చూసినవాడిగా నాకు అది ఇంకా పెద్దది.

యజమాని దగ్గర పేరుకున్న సర్వీసు మొత్తం ఎంతో ఏటా ఒకసారి రాతపూర్వకంగా అడిగి తీసుకోమనండి. ఇవ్వకపోతే అడిగినట్టు వాట్సాప్ సందేశమైనా ఉండాలి. సివిల్ ఐడీ, అకామా (అక్కడ ఉండటానికి ఇచ్చే అనుమతి), ఉద్యోగ ఒప్పందం, జీతం జమ అయిన స్టేట్‌మెంట్లు, ఇంటి అద్దె రసీదు అన్నీ ఫోటోలు తీసి ఇంటికి పంపాలి. అక్కడి ఫోనులో మాత్రమే ఉంటే చాలదు. అక్కడి బ్యాంకులో అప్పు తీసుకుని ఉంటే ఆ పత్రాలూ పంపమనండి. యుద్ధం వచ్చినంత మాత్రాన అప్పు మాఫీ కాదు, తిరిగి వెళ్లిన రోజు విమానాశ్రయంలోనే ప్రయాణ నిషేధం ఎదురుకావచ్చు. దినార్లు నగదుగా దాచుకోవద్దని గట్టిగా చెప్పండి. తప్పనిసరిగా బయలుదేరాల్సి వస్తే చేతిలో కొంత డాలర్లలో ఉంటే మంచిది. ఐదు వేల డాలర్లకు మించిన విదేశీ నోట్లతో వస్తే మన విమానాశ్రయంలో ప్రకటన పత్రం ఇవ్వాలి.

పాస్‌పోర్టు యజమాని దగ్గర ఉందా, తమ్ముడి దగ్గర ఉందా అన్నది కూడా కనుక్కోండి. అడగడానికి ఇదే సమయం, సైరన్లు మోగాక కాదు. రాయబార కార్యాలయంలో పేరు నమోదై ఉందో లేదో చూసుకోమనండి.

ఇక ఒంగోలు డిపాజిట్. అది భారత పౌరుడి డబ్బు, భారత బ్యాంకులో, రూపాయల్లో ఉంది. కువైట్‌లో ఏం జరిగినా దానికి ముప్పు లేదు. శత్రు ఆస్తి చట్టం దాని దరిదాపులకు రాదు. బ్యాంకే మునిగితే ఐదు లక్షల దాకా బీమా ఉంది, అది ఎన్‌ఆర్‌ఈ ఖాతాకూ వర్తిస్తుంది. అంతకు మించి ఉంటే రెండు బ్యాంకుల్లో పెట్టండి. గడువుకు ముందు రద్దు చేస్తే వడ్డీ కోత పడుతుంది, ఏడాది నిండకపోతే ఎన్‌ఆర్‌ఈ డిపాజిట్‌కు అసలు వడ్డీయే రాదు. ఆ నష్టం మీద మళ్లీ బంగారం తరుగు, మజూరీ కడతారా? నామినీ పేరు ఉందో లేదో మాత్రం ఈ వారమే చూడండి. తమ్ముడు ఎప్పటికైనా కువైట్ వదిలి శాశ్వతంగా వచ్చేస్తే ఆ ఖాతాను స్థానిక ఖాతాగా మార్చాలని బ్యాంకుకు తెలపాలి. అది కూడా ఇప్పుడే చెప్పి ఉంచండి, వచ్చాక హడావిడిలో చాలామంది మరిచిపోతారు.

కింద వ్యాఖ్యల్లో డిపాజిట్ ఏ తేదీకి గడువు తీరుతుందో రాస్తే, దాన్ని ఎలా కొనసాగించాలో విడిగా చెప్తాను. ఖాతా నెంబరు మాత్రం ఇక్కడ రాయకండి.